పసుపు గీత బాణాలు

సార్నియా అనే పరాయి దేశపు ఊళ్ళో సోమవారం మధ్యాహ్నం సైరన్ మోగుతుంది. కెమికల్ ప్లాంట్లలో ఏదైనా పేలితే ఊరంతటికీ తెలియాలి కదా, అది పనిచేస్తోందో లేదో చూడ్డానికి వారం వారం మోగిస్తారు. కొత్తగా దిగిన స్టూడెంట్లు మొదటిసారి హడలి చస్తారు, రెండోసారి వీడియో తీసి ఇంటికి పంపుతారు, ఆ తర్వాత వినడమే మానేస్తారు. ధరణి ఎప్పుడో మానేసింది.

ఆ సోమవారం సైరన్ వేళకి ఆమె వేట సామాన్ల షాపు వెనకగదిలో బెంచీ ముందు నిలబడి, తనవి కాని బాణాలు వంచుతోంది.

కార్బన్ బాణాన్ని ఊరికే వంచడం కాదు. రెండు చివరలూ పట్టుకుని, మొహానికి ఎడంగా పెట్టి, కాస్త వంచాలి. కొంచెం తిప్పి మళ్ళీ వంచాలి. అలా చుట్టూ తిప్పుకొస్తూ చెవి అటు పడెయ్యాలి. లోపల ఎక్కడన్నా పోగు తెగి ఉంటే చిటుక్కుమంటుంది, అప్పడం విరిగినట్టు. చిటుక్కుమన్నది చెత్తబుట్టలోకి పోతుంది. ఏ చప్పుడూ చెయ్యని దానికి తోక దగ్గర, ప్లాస్టిక్ ఈకల కింద, పెయింట్ పెన్నుతో సన్నగా గీత చుట్టాలి. ఎవరు చూశారో వాళ్ళ రంగు. ధరణిది ఆకుపచ్చ, కోదండరామ్‌ది పసుపు. ఆ మధ్యాహ్నం ధరణి చేతిలో ఉన్నది పసుపు పెన్ను.

కోదండరామ్ రూపని డ్రైవింగ్ టెస్టుకి తీసుకెళ్ళాడు మరి. ముగ్గురూ ఒకే ఇంట్లో అద్దెకుంటారు. రూప ఈ ఊరి బస్సుల్ని నమ్ముకుని రెండు ఉద్యోగాలు పోగొట్టుకుంది. కారున్నది కోదండరామ్ ఒక్కడికే. షాపు ఓనరు వేన్‌ని అడిగితే, జింకల సీజన్లో పర్మిషనేంటని కస్సుమంటాడు.

"గోర్డ్ డజను నువ్వే చూడు ధరణీ. నా పెన్ను పెట్టెయ్. వేన్ అడిగితే బాత్రూంల ఉన్నడని చెప్పు," అన్నాడు కోదండరామ్ జాకెట్ వేసుకుంటూ.

"అంతసేపా?"

"పొద్దున నువ్వు చేసిన ఉప్మా తిన్నడని చెప్పు. నమ్ముతడు."

"పో, పోవోయ్!" అని బాణంతో అదిలించింది.

ఒకరి బదులు ఒకరు చెయ్యడం వాళ్ళకి తప్పనిపించనే లేదు. ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్ళు ఒకరికొకరు ప్రాక్సీ చెప్పుకుని పాసైన జాతి. స్నేహితుడు లేనప్పుడు వాడి పేరుకి "ప్రెజెంట్ సార్" అనకపోతే అదీ ఒక స్నేహమేనా? గీత రంగు మారిస్తే ఏమవుతుందిలే అనుకుంది ధరణి.

ఆ డజను బాణాలు ఆర్డరిచ్చిన గోర్డ్ రిటైరైన పైప్‌ఫిట్టర్. పనిలో భుజం అరగదీసుకున్నాడు, బిరుసు విల్లు లాగలేడు. అందుకని ఉన్నవాటిల్లో అతి తేలిక బాణాలు కావాలన్నాడు. తేలిక బాణం రివ్వున పోతుంది, తిన్నగా పోతుంది, దూరం కాస్త తప్పుగా అంచనా వేసినా జింకకి తగులుతుంది. కానీ దాని గోడ పల్చన. రాయికో ఎముకకో తగిలిందంటే పైకి నిగనిగలాడుతూనే లోపల చిట్లుతుంది. బరువు బాణం మొండిఘటం, ఎన్ని దెబ్బలైనా కాస్తుంది, కాకపోతే నిదానంగా, వంపు తిరుగుతూ పోతుంది. రెండు సుఖాలూ ఒక్కదాంట్లో దొరకవు. కౌంటర్లో వేన్ మాత్రం వేగం సంగతే చెబుతాడు. ఒకసారి కోదండరామ్ ఎవరో కస్టమర్‌కి రెండో సంగతి కూడా చెప్పబోతే, "నిన్ను పెట్టుకుంది అమ్మడానికా, బెదరగొట్టడానికా?" అని అందరి ముందూ అరిచాడు. అప్పట్నుంచి వాడంటే వేన్‌కి గిట్టదు.

డజనులో సగం అయ్యాయో లేదో సైరన్ ఎత్తుకుంది. గది అద్దాలు సన్నగా అదిరాయి. ఆ మోతలో చిటుక్కుమనడం కాదు, ఎవరైనా పక్కన నిలబడి పిలిచినా వినపడదు. ఆగాల్సింది. ధరణి ఆగలేదు. ముందు గదిలో వేన్ బూట్ల టకటకలు. లోపలికొచ్చి వాడేడని అడిగితే? వేళ్ళకి తెలుస్తుందిలే అనుకుని గబగబా వంచింది, తిప్పింది, గీతలు చుట్టింది. సైరన్ ఆగేసరికి డజను పెట్టెలో ఉంది.

శనివారం పొద్దున వేన్ వెనకగదిలోకొచ్చి విరిగిన బాణం ముక్క బెంచీ మీద పడేశాడు. నల్లటి కార్బన్ పీచు చీపురు చివరలా విచ్చుకుని ఉంది. దాని తోక దగ్గర పసుపు గీత.

"గోర్డ్ హాస్పిటల్ నుంచి ఫోన్ చేశాడు, ఇది పక్కింటాయన చేత పంపాడు. నారి వదలగానే చేతిలోనే పేలింది. బొటనవేలి పక్కన పీచు దిగబడి అవతలికొచ్చింది. ఇది ఎవరి రంగు?"

ధరణి చెప్పాలనే నోరు తెరిచింది. ఒట్టు, తెరిచింది.

"నాది," అన్నాడు కోదండరామ్.

"సోమవారం మాట్లాడదాం," అని వేన్ వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా ఇద్దరూ పక్కపక్కనే నిలబడి షాఫ్టులు, అంటే బాణం కడ్డీలు, కోశారు, చివరల్లో జిగురు పూసి ములుకులు బిగించే ఇన్సర్టులు దించారు, ఈకలు అతికించారు. మామూలుగా కోదండరామ్ నోరు మూతపడదు. "పేరేమో కోదండం పట్టిన రాముడు, బతుకేమో బాణాలకి జిగురు పూసుడు" అని రోజుకోసారైనా అంటాడు. ఆ రోజు "ఆ కత్తెరియ్యి", "ఆ పెట్టె జరుపు" తప్ప మాటల్లేవు.

సాయంత్రం కార్లో కూర్చున్నాక అడిగాడు.

"మంచిగనే చూసినవ్ గదా?"

"చూశా." సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మళ్ళీ అంది, "సగందాకా చూశా రామ్. తర్వాత సైరన్ మోగింది. వంచాను కానీ... విన్లేదు."

నది పక్కన ప్లాంటు గొట్టం మీద ఎప్పటిలాగే మంట ఎగురుతోంది. వైపర్లు అద్దాన్ని కీచుమనిపిస్తున్నాయి. వాటిని మార్చాలి మార్చాలని నెల్నుంచీ అంటూనే ఉన్నాడు.

"నేను ఆ రోజు పోకుంటే ఇదంతా కాకపోతుండె," అన్నాడు చివరికి.

"ఇద్దరం కలిసి చెప్పేద్దామా?"

"చెప్తే ఇద్దరం పోతం. నేను డ్యూటీల లేను, నువ్వేమో నా గీత పెట్టినవ్. చెప్పకుంటే ఒక్కణ్ణే." ఇంటి ముందు కారు నిలిపి, ఇంజను ఆపేసి, స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచాడు. "నీ ఇష్టం ఇగ."

ఆ ఒక్కణ్ణే అన్నది చిన్న మాట కాదు. ఇద్దరి వర్క్ పర్మిట్లూ ఎండాకాలం లోపు అయిపోతాయి. పీఆర్‌కి, అంటే ఈ దేశంలోనే స్థిరపడే అనుమతికి, కావలసిన స్కోరు చూస్తే చుక్కలు కనపడుతున్నాయి. చదివిన చదువుకి తగ్గ ఉద్యోగాలకి అప్లై చేసి చేసి ఇద్దరి కళ్ళూ కాయలు కాశాయి. సీజన్ అయ్యాక ఒకరిని ఫుల్‌టైం ఉంచుకుంటానని, ఆ ఒకరి కోసం ప్రభుత్వానికి ఎల్ఎంఐఏ అనే అర్జీ పెట్టి పర్మిట్ వచ్చేలా చూస్తానని వేన్ అన్నాడు. ఆ ఒకరు ఎవరో చెప్పలేదు. ఎవరినో తేలితే రెండోవాళ్ళు పెట్టె సర్దుకోవాల్సిందే. ఇన్నాళ్ళూ ఆ సంగతి ఇద్దరూ ఎత్తేవాళ్ళు కాదు, అన్నం దగ్గర చావుకబురు ఎత్తనట్టు.

ఆదివారం రూప లడ్డూలు పంచింది. లైసెన్సు వచ్చిందట! "మీ ఇద్దరి పుణ్యమే," అని ధరణి నోట్లో తనే పెట్టింది. కోదండరామ్ రెండు తిని, "ఇంకోటియ్యి, రేపటికి బలం గావాలె," అన్నాడు. ధరణి లడ్డూని నీళ్ళు తాగి మింగింది. వాడు తనవైపు చూస్తాడేమోనని పొద్దంతా వంటింట్లోనే ఉండిపోయింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. రేపు చెప్పేస్తాను అనుకుంది. చెబితే ఏం ఒరుగుతుంది, ఇద్దరం రోడ్డున పడతాం, అనుకుంది. వాడే అన్నాడుగా ఒక్కణ్ణేనని, అనుకుంది. మనిషి తనకి కావలసిన న్యాయం తనే వండుకోగలడు, ఉప్పూ కారం సరిగ్గా చూసుకుని మరీ.

సోమవారం షాపు తెరవకముందే వేన్ ఇద్దర్నీ ఆఫీసు గదిలోకి పిలిచాడు. గోడ మీద కొమ్ముల జింక తల. కుర్చీ ఒక్కటే ఉంది, అందులో వేన్ ఉన్నాడు.

"ఈ డజను నువ్వు పరీక్షించావా?" అని కోదండరామ్‌ని అడిగాడు.

"అవును."

"ప్రతి బాణం?"

"అవును."

వేన్ ధరణివైపు తిరిగాడు. "పక్క బెంచీ నీదే కదా. ఇతను వంచుతుంటే నువ్వు చూశావా?"

ఆమె చూపు వేన్ బల్ల మీది కాఫీ కప్పు మీద పడి అక్కడే అతుక్కుపోయింది. కప్పు అంచున పెదవి మరక. పక్కన కోదండరామ్ ఊపిరి వినపడుతోంది. గదిలో ఏ సైరనూ లేదు, అన్నీ వినపడుతున్నాయి.

"లేదు," అంది. "నేను చూడలేదు."

అబద్ధమా? కాదు. వాడు వంచడం ఆమె చూడనే లేదు, వాడు షాపులోనే లేడు. ఇంతకన్నా నిజమైన మాట ఆ గదిలో ఎవరూ అనలేదు. అంత పాపిష్టి మాట కూడా ఎవరూ అనలేదు.

"సరే," అన్నాడు వేన్. కోదండరామ్‌తో, "ఇక రానక్కర్లేదు," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు, ఈ బల్బు మార్చాలి అన్నట్టు అన్నాడు.

కోదండరామ్ బెంచీ దగ్గరకెళ్ళి టిఫిన్ డబ్బా తీసుకున్నాడు. పసుపు పెన్నుకి మూత పెట్టి, ఆకుపచ్చ పెన్ను పక్కన స్టాండులో గుచ్చాడు. జాకెట్ జిప్పు ఎప్పుడూ ఇరుక్కునేదే. వెనక తలుపు దగ్గర నిలబడి దాన్ని కిందికీ పైకీ లాగుతూ చాలాసేపు ఉన్నాడు. ధరణి షాఫ్టు కోసే మిషన్ ఆన్ చేసింది. అది తిరుగుతున్నంతసేపూ తల ఎత్తలేదు. ఎత్తేసరికి తలుపు మూసి ఉంది.

బుధవారానికి వాడు బ్రాంప్టన్ వెళ్ళిపోయాడు. ఎవరో ఊరివాళ్ళు గోడౌన్లో పని చూపిస్తామన్నారట, రాత్రి షిఫ్టు, ఒక రోజుంటే ఒక రోజుండదు. "ఈ ఊళ్ళో ఎవ్వరూ నిలవరేంటక్కా!" అని రూప వెక్కి వెక్కి ఏడ్చింది. ధరణితో వాడు కోపంగా ఒక్క మాటా అనలేదు. "పప్పు డబ్బా నాదే, ఉంచుకో" అన్నాడు. కోప్పడి ఉంటే ఎంత బావుండేది! నాలుగు తిట్టి ఉంటే తనూ నాలుగు అనేది, ఏడ్చేది, ఒడ్డున పడేది.

కారు పోయింది కనక గురువారం నుంచి నడక. ఆ రోడ్డుకి ఫుట్‌పాత్ లేదు. ట్రక్కు పోయినప్పుడల్లా మంచు బురద మోకాళ్ళదాకా చిమ్ముతోంది. తడిసిన సాక్సులు హీటర్ మీద ఆరేసి పనిలోకి దిగింది.

అప్పుడొచ్చాడు గోర్డ్. ఎడమచేతికి బాక్సింగ్ గ్లవ్ అంత కట్టు. వేన్ డెలివరీ ట్రక్కు దగ్గరున్నాడు, కౌంటర్లో ధరణి ఒక్కతే.

"ఎలా ఉంది చెయ్యి?"

"ఉంది, అదే గొప్ప! పీచు ఏరడానికి ఆ డాక్టర్ కుర్రాడికి పూటంతా పట్టింది." గోర్డ్ పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. "ముసలి గాడిదని, నాకు బుద్ధుండద్దూ? ముందు రోజు సాయంత్రం పెరట్లో గురి తప్పి అదే బాణాన్ని సిమెంట్ దిమ్మకి కొట్టాను. పైకి బానే ఉంది. వంచి చూడాలని నాకు తెలీదా, నలభై ఏళ్ళుగా తెలుసు. చీకటి పడుతోంది, బద్ధకించాను. పొద్దున్నే దాన్నే ఎక్కుపెట్టాను."

ధరణి కౌంటర్ అంచు పట్టుకుంది. "అది... మా తప్పు కాదా?"

"మీ తప్పేంటి? దిమ్మకి తగిలాక ఏ బాణమైనా అంతే. హాస్పిటల్ నుంచే వేన్‌కి చెప్పాను కదా, మీ పిల్లల్ని ఏమీ అనకు, తప్పు నాదేనని. చెప్పలేదా నీకు?" అటూ ఇటూ చూశాడు. "ఆ నవ్వించే కుర్రాడేడీ?"

"వెళ్ళిపోయాడు."

"అయ్యో, మంచి పిల్లాడు. చదువు అయిపోయిందా?"

ఆమె తలూపింది. ఎందుకు ఊపిందో ఆమెకే తెలీదు.

"ఇంకో డజను కట్టు మరి. అవే, తేలికవే. చెయ్యి మానేసరికి సీజన్ చివరి రోజులు ఇంకా మిగిలుంటాయి."

"కొంచెం బరువువి తీసుకోండి గోర్డ్. అవైతే దెబ్బకి ఆగుతాయి."

"ఆగుతాయి తల్లీ, ఈ భుజం వాటిని పంపలేదే! విరిగినా పరవాలేదు, పోయినంత వేగంగా పోవాలి. విరిగితే ఇంకోటి కొనుక్కుంటాను." భుజం తడుముకుంటూ వెళ్ళిపోయాడు.

వేన్ పెట్టెలు మోసుకుని లోపలికొచ్చేదాకా ఆమె అక్కడే నిలబడి ఉంది.

"గోర్డ్ వచ్చాడు," అంది. "దిమ్మకి కొట్టాడట. మీకు శనివారమే చెప్పాడట."

వేన్ పెట్టెలు దించాడు. గ్లౌజులు ఒక్కో వేలూ లాగి తీశాడు.

"చెప్పాడు."

"మరి రామ్‌ని ఎందుకు పంపేశారు?"

"సీజన్ అయ్యాక ఇద్దరికి పని ఉండదు. ఎలాగూ ఒకరిని పంపాలి. అతని నోరు నాకు పడదు." పెట్టె మీద టేపు కోస్తూ, తల ఎత్తకుండా అన్నాడు. "నిన్ను నేనేం అబద్ధం చెప్పమనలేదు. చూశావా అన్నాను, చూడలేదన్నావు. అంతే కదా."

అంతే కదా! చెంప పగలగొట్టినా అంత మండేది కాదు. ఈ మనిషి ఆమెని నెట్టలేదు కూడా. తలుపు తెరిచి పట్టుకున్నాడు, ఆమే నడిచి వెళ్ళింది.

సిగ్గు విడిచి ఆ మాట కూడా అడిగింది. "నా ఎల్ఎంఐఏ పేపర్లు?"

"జనవరిలో చూద్దాం. రూల్స్ మళ్ళీ మారుతున్నాయట. మాట ఇవ్వలేను." ఖాళీ పెట్టె కాలితో అణిచాడు. "గోర్డ్ డజను సోమవారానికి కావాలి."

ఆ సాయంత్రం షాపు వెనక చెత్తడబ్బాల పక్కన నిలబడి ఫోన్ చేసింది. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తాడు. వెనకాల ట్రాలీల మోత.

"రామ్, గోర్డ్ వచ్చాడు. బాణం మన దగ్గర పగల్లేదు. ఆయనే దిమ్మకి కొట్టుకున్నాడట. మన తప్పేం లేదు. వేన్‌కి ముందే తెలుసు." ఏకబిగిన చెప్పేసింది, ఆగితే ఇక చెప్పలేనని.

అవతల వాడు ట్రాలీని పక్కకి నెట్టిన చప్పుడు.

"మంచిదే," అన్నాడు. "సైరన్ సప్పుడుకు నీకు ఇనవడలేదనే అనుకున్న. నీ మీద పడొద్దనే నాది అన్న."

"వచ్చి వేన్‌ని అడుగుదాం. నేను చెప్తా మొత్తం. నువ్వు లేవని, నేనే చూశానని..."

"ఇప్పుడా?" అన్నాడు. ఎగతాళి లేదు, నిజంగానే అడిగాడు. "ధరణీ, నేను ఒప్పుకున్నందుకు నాకు బాధ లేదు. ఒక్కణ్ణే పోతనని నేనే అన్న. కానీ ఆ రోజు తలుపు కాడ నిలబడి జిప్పు గుంజుకుంట ఉన్న గదా, అది ఇరుక్కోలేదు. నువ్వు ఒక్కపారి ఇటు చూస్తవేమోనని."

ఎవరో వాణ్ణి కేకేశారు. "ఉంట మరి. వీళ్ళు ఫోన్ మాట్లాడనియ్యరు," అని పెట్టేశాడు. ఆమె మళ్ళీ చెయ్యలేదు. చేసి ఏం చెబుతుంది? తప్పు జరగలేదని తేలింది, చేసిన పని మాత్రం అలాగే ఉంది.

సోమవారం గోర్డ్ డజను ముందేసుకుంది. కోసింది, ఇన్సర్టులు దించింది, ఈకలు అతికించి ఆరబెట్టింది. వంచడం మొదలెట్టింది. తిప్పుతూ, వింటూ, ఒక్కొక్కటీ. స్టాండులో రెండు పెన్నులూ పక్కపక్కనే ఉన్నాయి. ఆకుపచ్చది తీసుకుంది.

సగంలో ఉండగా సైరన్ మోగింది.

చేతిలో బాణాన్ని బెంచీ మీద పెట్టేసింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. వేన్ తలుపులోంచి తొంగిచూసి, ఏమైంది, ఆపావేం అన్నట్టు చెయ్యి ఊపాడు. ఏదో అన్నాడు కూడా, ఆ మోతలో తెలీలేదు. ఆమె చెవి చూపించి, వినపడదు అన్నట్టు తల అడ్డంగా ఊపి, అలాగే కూర్చుంది. వేన్ భుజాలెగరేసి పోయాడు.

సైరన్ తగ్గి తగ్గి ఆగిపోయింది. అప్పుడు బాణం తీసి, చెవి అటు పడేసి వంచింది. తిప్పి మళ్ళీ వంచింది. ఏ చప్పుడూ లేదు. పక్క బెంచీ దగ్గర్నుంచి కూడా లేదు. ఆకుపచ్చ గీత చుట్టి పెట్టెలో పెట్టింది, ఇంకోటి తీసుకుంది.